మెక్సికో సినిమా అంటే ఆ ముగ్గురేనా?

చిన్నహాలు — శనివారం రాత్రి 10:20

అందరికీ నమస్తే. పోయిన వారం ‘రోమా’ రెండోసారి చూశాను. మొదటిసారి సగంలో నిద్రపోయాను, ఒప్పేసుకుంటున్నా. ఈసారి మాత్రం మొదట్లో ఆ నేల కడిగే నీళ్ళ దగ్గర్నుంచి చివర సముద్రం దాకా కళ్ళు తిప్పుకోలేదు. దాంతో మెక్సికో సినిమాల మీద పడదామనిపించింది. నాకు తెలిసిందల్లా ముగ్గురు దర్శకులు: ‘రోమా’ తీసిన కువారోన్, ఇన్యారితు, దెల్ తోరో. 2014 నుంచి 2019 దాకా ఆరేళ్ళలో ఐదుసార్లు బెస్ట్ డైరెక్టర్ ఆస్కార్ ఈ ముగ్గురికే వెళ్ళింది. వీళ్ళకి ముందు అక్కడ ఏముండేది? ఎక్కడ మొదలుపెట్టాలి? ఊరికే లిస్టు పడేయకుండా కాస్త కథ కూడా చెప్పండి.

నేలటికెట్టు — రాత్రి 10:34

ముందు పెద్దగా ఏమీ లేదు బ్రో. పెద్ద టోపీలు, గిటార్లు, వెండి మాస్కు వేసుకున్న పహిల్వాను ఆడ రక్తపిశాచాలతో కుస్తీ పట్టడం. నువ్వు 2000లో వచ్చిన ‘అమోరెస్ పెర్రోస్’ నుంచి మొదలెట్టు, చాలు. టైమ్ వేస్ట్ చేసుకోకు.

పాత ప్రొజెక్టర్ — రాత్రి 11:15

పడుకోబోతూ ఫోన్ చూసి మళ్ళీ లేచి కూర్చున్నాను. నేలటికెట్టు బాబూ, నువ్వు చెప్పిన ఆ పెద్ద టోపీల వెనకే అసలు కథ ఉంది. ఓపికగా చదువు.

1936లో ఫెర్నాండో దె ఫ్యుయెంతెస్ అనే దర్శకుడివి రెండు సినిమాలు విడుదలయ్యాయి. ఒకటి ‘వామోనోస్ కోన్ పాంచో వియా’, అంటే పాంచో వియాతో పోదాం పదండి అని. 1910లో మొదలైన మెక్సికో విప్లవం మీద కథ, వియా ఆ విప్లవ సేనానుల్లో ఒకడు. ఆరుగురు పల్లెటూరి స్నేహితులు ఉత్సాహంగా వెళ్ళి వియా సైన్యంలో చేరతారు. ఒక్కొక్కరే పోతారు. అందులో గొప్ప చావులు తక్కువ, అర్థంలేని చావులు ఎక్కువ. సారా కొట్లో పందెం కట్టి చచ్చేవాడొకడు. చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకడికి మశూచి సోకితే, వాణ్ణి తగలబెట్టమని రెండోవాడికే హుకుం వస్తుంది. ఆ పని చేసి, అంతవరకూ దేవుడిలా కొలిచిన వియాకి వీపు తిప్పి, పట్టాల వెంట చీకట్లోకి నడిచి వెళ్ళిపోతాడు. అంతే సినిమా. వియా అతని భార్యనీ కూతుర్నీ కాల్చేసే ఇంకా ఘోరమైన ముగింపు కూడా తీశారు, దాన్ని విడుదలకు ముందే కోసేశారు. ఆ ముక్క దశాబ్దాల తర్వాత బయటపడింది.

దీనికి ప్రభుత్వమే రైలూ, సైనికులూ, తుపాకులూ సర్దింది. అయినా తీసిన క్లాసా కంపెనీ నిండా మునిగింది.

రెండోది ‘అయా ఎన్ ఎల్ రాంచో గ్రాందే’. పెద్ద పొలం, దయగల ఆసామి, నమ్మకస్తుడైన మేస్త్రీ, ఇద్దరి మధ్య ఒక అమ్మాయి, పాటలు, కోడిపందేలు. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చి స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటా విరగబడి ఆడింది. 1938లో వెనిస్ చిత్రోత్సవంలో కెమెరా పనితనానికి బహుమతి కూడా కొట్టింది. వియా సినిమా ఆ డిసెంబర్ 31న వచ్చి వారానికే సర్దుకుంది.

తమాషా ఎక్కడుందంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే అధ్యక్షుడు కార్దెనాస్ పెద్ద పొలాలను ముక్కలు చేసి రైతులకు పంచుతున్నాడు. ఆయన హయాంలో పంచింది సుమారు 1.8 కోట్ల హెక్టార్లు. బయట ఆసామి పోతున్నాడు, తెర మీద ఆసామి పాట పాడుతున్నాడు. జనం రెండోవాణ్ణి చూడ్డానికి టికెట్ కొన్నారు. నిర్మాతలకు లెక్క అర్థమైంది. ఆ తర్వాత వరసపెట్టి అదే మూస. అలా పుట్టాయి నీ పెద్ద టోపీలు.

నేలటికెట్టు — రాత్రి 11:22

సరే బాబాయ్, తప్పు నాదే. ఈ రెండూ ఒక్కడే తీశాడా? నమ్మబుద్ధి కావట్లేదు.

గ్వాదలహారా నుంచి — ఆదివారం ఉదయం 6:05

ఇక్కడింకా శనివారం సాయంత్రమే. ఐదేళ్ళుగా మెక్సికోలోని గ్వాదలహారాలో ఐటీ ఉద్యోగం నాది. పుస్తకాల సంగతి బాబాయ్‌గారు చూసుకుంటారు, నేను మా ఇంటి ఓనరమ్మ గారి హాల్లో చూసింది చెప్తాను.

ఆవిడకి డెబ్భై దాటాయి. వారాంతం వస్తే టీవీలో ఆ కాలపు పాటల హీరో పెద్రో ఇన్‌ఫాంతే సినిమా ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది. ‘నోసోత్రోస్ లోస్ పోబ్రెస్’ (1948), మేము పేదవాళ్ళం అని అర్థం. వడ్రంగి పేపే, వాడి కూతురు, చెయ్యని హత్యకి జైలు. “పేపే ఎల్ తోరో నిర్దోషి!” అనే డైలాగు ఇక్కడ ఇప్పటికీ జోకుల్లో వాడతారు. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే “పేపే నిర్దోషి” అనేవాడొకడున్నాడు. ఆవిడ మాత్రం ఎన్నోసారి చూస్తున్నా ఏడుస్తుంది. నాకు చిన్నప్పుడు మా అమ్మమ్మ పక్కన కూర్చుని చూసిన సినిమాలు గుర్తొస్తాయి.

ఇన్‌ఫాంతే 1957 ఏప్రిల్ 15న మెరిదా దగ్గర విమానం కూలి పోయాడు. అప్పటికి 39 ఏళ్ళు. విమానం నడపడం తనకీ వచ్చు. పోలేదనీ, ఎక్కడో దాక్కున్నాడనీ ఏళ్ళ తరబడి పుకార్లు. ఇప్పటికీ ప్రతి ఏప్రిల్ 15న మెక్సికో సిటీలో సమాధి దగ్గర బ్యాండు మేళాలతో జనం.

‘కోకో’ యానిమేషన్ సినిమా చూసినవాళ్ళకి ఒక మాట. అందులో ఎర్నెస్తో దె లా క్రూస్ అనే పాత్ర ఇచ్చే పార్టీలో నిజం తారలే కనిపిస్తారు: ఇన్‌ఫాంతే, హోర్హే నెగ్రేతే, మరియా ఫెలిక్స్, కాంతిన్‌ఫ్లాస్, నేలటికెట్టు గారు వెక్కిరించిన వెండి మాస్కు సాంతో కూడా. నేను థియేటర్లో చూసినప్పుడు వెనక వరసలో తాతలు ఒక్కొక్కరి పేరూ గట్టిగా చెప్పుకుంటున్నారు. ఆ పేర్లు అప్పటికి నాకు తెలియవు.

ఉత్తరం కిటికీ — ఆదివారం ఉదయం 8:40

చాలా బాగా రాశారు :) నాకో సందేహం. ‘స్వర్ణయుగం’ అని ఎక్కడ చూసినా 1940లే అంటారు. అప్పుడు ప్రపంచమంతా యుద్ధం కదా. యుద్ధంలో వాళ్ళకి మాత్రం స్వర్ణయుగం ఎలా వచ్చింది?

పాత ప్రొజెక్టర్ — ఆదివారం ఉదయం 9:30

మంచి ప్రశ్న అడిగావమ్మా. జవాబు ముడి ఫిల్ములో ఉంది.

ముడి ఫిల్ము అమెరికా ఇవ్వాలి. స్పానిష్ సినిమాలో మెక్సికోకి గట్టి పోటీ అర్జెంటీనా. ఆ దేశం యుద్ధంలో తటస్థంగా ఉండిపోయింది. అమెరికాకి మండి, దానికి ఫిల్ము సరఫరా బాగా బిగించింది. మెక్సికో చమురు ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచాక 1942 మే నెలలో ఆ దేశం మిత్రపక్షంలో చేరింది. ఇక ఫిల్మూ, యంత్రాలూ, సలహాదారులూ అన్నీ ఇటే. అదే ఏడాది సినిమాలకు అప్పులివ్వడానికి బ్యాంకే పెట్టారు. 1945లో చురుబుస్కో స్టూడియో వచ్చింది, అందులో హాలీవుడ్ ఆర్.కె.ఓ. కంపెనీకి వాటా. హాలీవుడ్ తనేమో యుద్ధ సినిమాల్లో మునిగి ఉంది. లాటిన్ అమెరికా హాళ్ళన్నీ ఖాళీ. వీళ్ళు నింపారు.

అప్పుడు మన దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ముడి ఫిల్ము కరువుతో సినిమా 11 వేల అడుగులు దాటకూడదని బ్రిటిష్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మద్రాసులో నిర్మాతలు లైసెన్సుల కోసం తిరిగారు. అదే యుద్ధం ఒకచోట తలుపు మూసింది, ఇంకోచోట తెరిచింది. స్వర్ణయుగాన్ని ప్రతిభ ఒక్కటే తెచ్చిందని నేననను. ప్రతిభ ఉంది, కాదనను. కానీ ముందు డబ్బాల్లో ఫిల్ముండాలి కదా.

రంగులరాట్నం — ఆదివారం ఉదయం 10:02

ఆ ప్రతిభలో ఒకడి గురించి నేను చెప్తా. గాబ్రియేల్ ఫిగెరోవా, కెమెరామన్. పైన చెప్పిన వెనిస్ బహుమతి ఆయనదే. హాలీవుడ్‌లో గ్రెగ్ టోలండ్ అనే పేరున్న కెమెరామన్ దగ్గర నేర్చుకొచ్చాడు. ఫిల్టర్లు వేసి ఆకాశాన్ని నల్లబరిచి, మేఘాల్ని తెల్లగా ఎత్తి చూపిస్తాడు. కింద సన్నటి నేల, ఒక కలబంద మొక్క, నల్ల శాలువా కప్పుకున్న స్త్రీ, మిగతా ఫ్రేమంతా ఆకాశమే. ‘ఫిగెరోవా ఆకాశం’ అని దానికి పేరే పడిపోయింది. దర్శకుడు ఎమీలియో ‘ఎల్ ఇండియో’ ఫెర్నాండెజ్‌తో ఆయన జోడీ. ‘మరియా కాందెలారియా’ చూడండి. దొలోరెస్ దెల్ రియో హాలీవుడ్ వదిలేసి వచ్చి ఇందులో పూలమ్ముకునే ఆదివాసీ పిల్లగా వేసింది. 1946లో మొట్టమొదటి కాన్ ఫెస్టివల్‌లో టాప్ ప్రైజ్ గెలిచిన సినిమా. ప్రపంచ సినిమాలన్నిటినీ ఓడించి!

డబ్బాల గది — ఆదివారం ఉదయం 10:47

చిన్న సవరణ రంగులరాట్నం గారూ. ఆ ఏడాది గ్రాండ్ ప్రి ఒక్కదానికే ఇవ్వలేదు, 11 సినిమాలకు పంచారు. ఆ పదకొండులో మన చేతన్ ఆనంద్ ‘నీచా నగర్’ కూడా ఒకటి. అంటే ఆ సంవత్సరం మెక్సికో, ఇండియా ఒకే మెట్టు మీద నిలబడ్డాయి. కెమెరా బహుమతి మాత్రం ఫిగెరోవాకే, అది నిజం.

తర్వాత ఏమైందో చూడండి. ‘మరియా కాందెలారియా’ వాళ్ళ దేశంలో ఇంటింటి పేరు. ‘నీచా నగర్’ మన హాళ్ళలో సరిగ్గా విడుదలకే నోచుకోలేదు.

రంగులరాట్నం — ఆదివారం ఉదయం 10:55

నాలుక్కరుచుకున్నాను. థాంక్స్. నీచా నగర్ సంగతి తెలుసు గానీ ఈ రెంటినీ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు.

గ్వాదలహారా నుంచి — ఆదివారం రాత్రి 8:15

ఆ సినిమా మీద ఇక్కడ అందరికీ ప్రేమ లేదు, అదీ చెప్పాలి. నా సహోద్యోగి ఒకమ్మాయి ఒహాకా రాష్ట్రం నుంచి, ఇంట్లో మిక్స్‌తెక్ అనే ఆదివాసీ భాష మాట్లాడతారు. “ఆదివాసీ అంటే తెల్లగా ఉన్న స్టారుకి జడలేసి, తల వంచుకుని నెమ్మదిగా మాట్లాడించడం” అని చిరాకు పడుతుంది. ‘రోమా’లో నిజంగా ఆదివాసీ అయిన యలిత్సా అపారిసియో నాయికగా వచ్చినప్పుడు వాళ్ళింట్లో పండగ చేసుకున్నారట. ఆమెకి బెస్ట్ యాక్ట్రెస్ నామినేషన్ వచ్చాక ఇక్కడి కొందరు నటులే ఏడ్చారు, ఆమె రంగు గురించి చెత్త వాగారు. 70 ఏళ్ళు గడిచినా ఆ గొడవ తీరలేదన్నమాట.

నేలటికెట్టు — ఆదివారం రాత్రి 8:40

ఒక మెక్సికన్ సినిమా చూద్దామని నెట్‌లో వెతికితే ‘ఎమీలియా పెరెజ్’ వచ్చింది. అది?

గ్వాదలహారా నుంచి — ఆదివారం రాత్రి 8:43

ఆ పేరు మా ఓనరమ్మ ముందు ఎత్తకండి. తీసింది ఫ్రెంచి దర్శకుడు, తీసింది కూడా ఎక్కువగా పారిస్ దగ్గర స్టూడియోల్లో.

కుర్చీ నంబర్ 13 — ఆదివారం రాత్రి 9:20

ఇంత చర్చలో దర్శకుడు బున్యుయెల్ పేరు ఇంకా రాలేదేమిటి? స్పెయిన్ నుంచి అంతర్యుద్ధం తర్వాత బయటపడి, 1946లో మెక్సికో చేరాడు, అక్కడి పౌరుడైపోయాడు. తన సినిమాల్లో ఎక్కువ భాగం తీసింది అక్కడే.

1950లో ‘లోస్ ఒల్విదాదోస్’. రాజధాని మురికివాడల పిల్లలు. ఇన్‌ఫాంతే సినిమాల్లో పేదవాడంటే బంగారం కదా, పాటలు పాడతాడు, అన్నం పంచుకుంటాడు. బున్యుయెల్ పేదవాడు గుడ్డివాణ్ణి రాళ్ళతో కొడతాడు, కాళ్ళు లేనివాణ్ణి బండి మీంచి దొర్లించేస్తాడు. కన్నతల్లి ఆకలితో ఉన్న కొడుక్కి తిండి పెట్టదు. “మెక్సికో తల్లి అలా చెయ్యదు” అని షూటింగ్‌లో జుట్టు దువ్వే ఆవిడ పని మానేసి వెళ్ళిపోయిందని బున్యుయెలే రాసుకున్నాడు. నాలుగు రోజుల్లో హాల్లోంచి తీసేశారు. దేశం పరువు తీశాడన్నారు.

మరుసటి ఏడాది కాన్‌లో బెస్ట్ డైరెక్టర్. కవి ఒక్తావియో పాస్ అప్పుడు దౌత్య ఉద్యోగంలో ఉండి కూడా, సినిమాని పొగుడుతూ తనే వ్యాసం రాసి హాలు గుమ్మం దగ్గర పంచాడు. తిరిగొచ్చాక అదే సినిమా మెక్సికోలో రెండు నెలలు ఆడింది. బయటివాడు చప్పట్లు కొడితేగానీ ఇంట్లోవాడు గొప్పవాడు కాడు, ఎక్కడైనా ఇంతే.

దీనికి కూడా మెత్తటి ముగింపు ఒకటి తీసి దాచుకున్నారు, పిల్లాడు మంచివాడై బడికి తిరిగెళ్ళేది. అది ఎన్నో ఏళ్ళకి విశ్వవిద్యాలయం ఫిల్ము నిల్వల్లో దొరికింది.

చిన్నహాలు — ఆదివారం రాత్రి 9:41

వాళ్ళకి ముగింపులు దాచుకోవడం అలవాటులా ఉంది. నోట్ చేసుకుంటున్నా అన్నీ. మరి ఇంత బాగున్నది ఎక్కడ చెడింది?

పాత ప్రొజెక్టర్ — ఆదివారం రాత్రి 10:30

రెండు తలుపులు మూసుకున్నాయి. మొదటిది యూనియన్ తలుపు. దర్శకుల సంఘం 1940ల మధ్యలో కొత్తవాళ్ళని చేర్చుకోవడం దాదాపు ఆపేసింది. ఉన్న దర్శకులే పాతికేళ్ళు తీస్తూ పోయారు. 1965లో ఆ యూనియన్లే బతిమాలుకున్నట్టు ప్రయోగాత్మక చిత్రాల పోటీ పెట్టి కొత్తవాళ్ళని పిలవాల్సి వచ్చింది.

రెండోది హాలు తలుపు. ప్యుబ్లా నగరంలో స్థిరపడ్డ విలియం జెన్‌కిన్స్ అనే అమెరికన్, ఇద్దరు ముగ్గురు భాగస్వాములతో కలిసి దేశంలోని హాళ్ళలో సింహభాగం గుప్పెట్లో పెట్టుకున్నాడు. సినిమా తీయాలంటే అడ్వాన్సు కూడా ఆ గుంపు దగ్గరే. వాళ్ళకి కావలసింది చవగ్గా, త్వరగా, నిరుడు ఆడిన దానిలాంటిదే ఇంకోటి. 1950లో ఒక్క ఏడాదే 120కి పైగా సినిమాలు తీశారు. లెక్క ఘనమే, అందులో ఎన్ని గుర్తున్నాయి?

నా అభిప్రాయం ఒకటే: దేశంలో సినిమా ఎలా ఉంటుందో దర్శకుడి కన్నా ముందు హాలు తాళం పట్టుకున్నవాడు తేలుస్తాడు. నలభై ఏళ్ళు ప్రొజెక్టర్ గదిలో ఉన్నవాడి మాట ఇది, పుస్తకాల్లోది కాదు.

కుర్చీ నంబర్ 13 — ఆదివారం రాత్రి 10:58

ఇక్కడ మీతో ఒప్పుకోలేను సార్. 1960లో ప్రభుత్వం ఆ హాళ్ళని కొనేసింది కదా. తాళం చెయ్యి మారింది. మరి సినిమా బాగుపడిందా? టికెట్ ధర మీద సీలింగ్ పెట్టి, హాళ్ళని పాడుబెట్టారు. సీట్లు చిరిగాయి, ఎలుకలు తిరిగాయి. పైగా సెన్సారు. అదే 1960లో హూలియో బ్రాచో తీసిన ‘లా సోంబ్రా దెల్ కౌదియో’ సైన్యానికి నచ్చలేదని 30 ఏళ్ళు డబ్బాలో పెట్టారు. 1990 దాకా జనం చూడలేదు. తాళం జెన్‌కిన్స్ దగ్గరుంటే డబ్బు అడ్డం, సర్కారు దగ్గరుంటే భయం అడ్డం.

పర్యవేక్షకుడు — ఆదివారం రాత్రి 11:03

టికెట్ ధర, సీలింగ్ అన్న మాటలు కనిపించాయి. మన జీవోల గొడవ ఇక్కడ ఎవరూ ఎత్తకండి, దానికి వేరే దారం ఉంది, అది ఇప్పటికే 400 పోస్టులు. ఇంకోటి, పైరసీ లింకులు రెండు తీసేశాను. పెట్టినవాళ్ళకి తెలుసు.

పాత ప్రొజెక్టర్ — సోమవారం ఉదయం 7:10

13 గారు చెప్పింది కాదనలేను. రాత్రంతా ఆలోచించాను. కానీ అదే సర్కారు డబ్బుతో వచ్చిన ‘కనోవా’ని ఏం చేస్తారు?

1968 సెప్టెంబర్ 14న ప్యుబ్లా విశ్వవిద్యాలయం ఉద్యోగులు కొందరు మలిన్చే కొండ ఎక్కడానికి బయల్దేరి, వాన పట్టుకుని కనోవా అనే ఊళ్ళో రాత్రికి తలదాచుకున్నారు. వీళ్ళు కమ్యూనిస్టు విద్యార్థులు, చర్చి మీద ఎర్ర జెండా ఎగరేయడానికొచ్చారని ప్రచారం నడిచింది. ఊరు మైకులో పిలుపు అందుకుని కత్తులతో, కాగడాలతో వచ్చి వాళ్ళ మీద పడింది. ఆశ్రయమిచ్చినవాడితో సహా కొందర్ని చంపేశారు. మూడు వారాలు తిరక్కుండానే, అక్టోబర్ 2న, రాజధానిలో త్లతెలోల్కో కూడలిలో విద్యార్థుల మీద సైన్యం కాల్పులు.

ఫెలిపే కసాల్స్ దీన్ని 1976లో సినిమా తీశాడు. ఒక పల్లెటూరి రైతు కెమెరా వైపు తిరిగి, చాలా మామూలుగా, ఊరి లెక్కలు చెప్తూ ఉంటాడు. ఏం జరగబోతోందో మొదటి నిమిషాల్లోనే చెప్పేస్తారు. సస్పెన్స్ లేదు, అయినా చివరి అరగంట ఊపిరాడదు. బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి బహుమతి ఇచ్చారు. ఇందులో మెలిక ఏమిటంటే, 1968లో హోం శాఖ చూసిన ఎచెవెర్రియాయే ఈ సినిమా వచ్చేనాటికి అధ్యక్షుడు. సినిమా బ్యాంకు నడిపింది ఆయన అన్నో తమ్ముడో… తమ్ముడే, రొదోల్ఫో, ఒకప్పుడు నటుడు. ఆ ప్రభుత్వం డబ్బే ఈ సినిమాకి. పాప పరిహారమో, లోపల దొంగాటో, మీరే చూసి తేల్చుకోండి.

డబ్బాల గది — సోమవారం ఉదయం 9:25

ఆ తర్వాతి ప్రభుత్వం చేసింది నా వృత్తికి దగ్గర విషయం కాబట్టి నేను రాస్తాను. నేను ఫిల్ము భద్రపరిచే పని చేస్తాను.

1974లో జాతీయ సినిమా భాండాగారం ‘సినెతేకా నసియోనల్’ తెరిచారు. కొత్త అధ్యక్షుడు లోపెస్ పోర్తియో తన అక్కనే రేడియో, టీవీ, సినిమాల శాఖ మీద కూర్చోబెట్టాడు. 1982 మార్చి 24 సాయంత్రం, హాల్లో జనం సినిమా చూస్తుండగా సినెతేకా అంటుకుంది. గంటల తరబడి మండింది. ప్రాణాలు పోయాయి. వేల ప్రింట్లు, స్క్రిప్టులు, పుస్తకాలు బూడిద.

పాత నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు, తన ఆక్సిజన్ తనే పుట్టించుకుంటుంది. దాన్ని చల్లటి గదుల్లో, విడివిడి అరల్లో, జనానికి దూరంగా పెట్టాలి. ఈ సంగతి ప్రపంచంలో ప్రతి భాండాగారానికీ తెలుసు. అక్కడ సినిమా హాళ్ళూ, ఆఫీసులూ, ఫిల్ము నిల్వలూ ఒకే ఆవరణలో ఉన్నాయి.

నాకు ఇంకో లెక్క బాధ పెడుతుంది. వాళ్ళ మొదటి పూర్తి టాకీల్లో ఒకటైన ‘సాంతా’ 1932 మార్చిలో విడుదలైంది. మన ‘భక్త ప్రహ్లాద’ అదే 1932. ‘సాంతా’ని మీరు ఇవాళ కూర్చుని చూడొచ్చు. అంత పెద్ద అగ్నిప్రమాదం జరిగినా వాళ్ళకది మిగిలింది. మన ప్రహ్లాదుడి ప్రింటు ఏ అగ్నిప్రమాదమూ లేకుండానే పోయింది.

ఉత్తరం కిటికీ — సోమవారం ఉదయం 9:50

ఆ చివరి లైను చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మాస్కు మావయ్య — సోమవారం మధ్యాహ్నం 1:15

అందరూ ఏడిపించేస్తున్నారు, నేను సాంతో తరఫున వచ్చా. నేలటికెట్టు తమ్ముడూ, ఆ వెండి మాస్కు ఆయన నిజంగా కుస్తీ రింగులో వీరుడు. 50కి పైగా సినిమాలు. రక్తపిశాచులూ, మమ్మీలూ, పిచ్చి సైంటిస్టులూ, ఎవరొచ్చినా మాస్కు తియ్యలేదు. రొమాన్స్ సీనులోనూ మాస్కే, భోజనంలోనూ మాస్కే. 1984 జనవరిలో ఒక టీవీ షోలో మొదటిసారి మాస్కు కాస్త ఎత్తి ముఖం చూపించాడు. వారం పది రోజుల్లో గుండెపోటుతో పోయాడు. మాస్కుతోనే పూడ్చారు. ఇంతకన్నా స్క్రీన్‌ప్లే ఎవడు రాస్తాడు? పైగా ఈ సినిమాలే స్టూడియో కార్మికులకి కూలి ఇచ్చాయి, కాన్ బహుమతులు కాదు.

నేలటికెట్టు — సోమవారం మధ్యాహ్నం 1:31

మావయ్యా, నేను వెక్కిరించలేదు, ఆయన సినిమాలు నాలుగు చూశా. నాకు ఇష్టమే :)

గ్వాదలహారా నుంచి — సోమవారం రాత్రి 9:00

తాళం చెవి మాట బాబాయ్‌గారు మొదలెట్టారు కాబట్టి దాని చివరి భాగం నేను చెప్తాను. ఇది మనందరికీ తెలియకుండానే తగులుతుంది.

పాత చట్టం ప్రకారం హాళ్ళలో సగం సమయం మెక్సికో సినిమాలకివ్వాలి. 1992 డిసెంబర్‌లో చట్టం మార్చి ఆ వాటాని ముందు 30 శాతానికి, అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా దించి, 1997 చివరికి 10కి తెచ్చారు. ప్రభుత్వ హాళ్ళని 1993లో టీవీ చానళ్ళతో కలిపి గంపగుత్తగా అమ్మేశారు. 1994లో అమెరికా, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకొచ్చింది. కెనడా తన సినిమాలూ పుస్తకాలూ దాని కిందికి రాకుండా మినహాయింపు పెట్టించుకుంది. మెక్సికో అడగనే లేదు. 1990ల చివరికి ఏడాదికి పదీ పదిహేను సినిమాలకు పడిపోయింది పరిశ్రమ. మా ఊరివాడు దెల్ తోరో 1993లో ‘క్రోనోస్’తో వచ్చింది ఆ కరువులోకే. 1997లో వాళ్ళ నాన్నని ఇక్కడే కిడ్నాప్ చేశారు. విడిపించుకున్నాక కుటుంబం దేశం వదిలింది. అతను హాలీవుడ్ వెళ్ళింది డబ్బు కోసమే అనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

హాళ్ళు మాత్రం మళ్ళీ లేచాయి, మల్టీప్లెక్సులుగా. టికెట్ రేట్లు పెరిగాయి, పేదవాడు బయటికెళ్ళాడు. అప్పుడు ఎదిగిన పెద్ద చెయిన్ మొరేలియా నగరానికి చెందిన సినీపోలిస్. అవును, హైదరాబాద్‌లో మీరు వెళ్ళే సినీపోలిస్సే. 2009లో అమృత్‌సర్‌లో మొదలుపెట్టి ఇండియాకి వచ్చింది. మన తెలుగు సినిమా బెనిఫిట్ షో పడే తెరల్లో కొన్ని ఒక మెక్సికో కుటుంబం నడిపే కంపెనీవి. ఇక్కడ పాప్‌కార్న్ మీద నిమ్మకాయా, కారం సాసూ పోస్తారు. అది అక్కడికి ఎందుకు తీసుకెళ్ళలేదో నాకర్థం కాదు, మనవాళ్ళు ఎగబడేవారు.

పాత ప్రొజెక్టర్ — సోమవారం రాత్రి 9:35

ఐతే ‘రోమా’ సంగతి కూడా చెప్పెయ్ నాయనా.

గ్వాదలహారా నుంచి — సోమవారం రాత్రి 9:48

అదే చెప్పబోతున్నా. 2018లో ‘రోమా’ వచ్చినప్పుడు, నెట్‌ఫ్లిక్స్ హాళ్ళకీ ఆన్‌లైన్‌కీ మధ్య తగినంత గడువు ఇవ్వట్లేదని సినీపోలిస్, సినెమెక్స్ రెండూ వెయ్యలేదు. విడి హాళ్ళలో, సాంస్కృతిక కేంద్రాల్లో ఆడింది. విదేశీ భాషా చిత్రం ఆస్కార్ గెలిచిన మొట్టమొదటి మెక్సికో సినిమా, ఆ దేశపు రెండు పెద్ద చెయిన్లలో ఆడలేదు.

కుర్చీ నంబర్ 13 — సోమవారం రాత్రి 10:05

సరే, తాళం వాదన గెలిచింది. ఒక ఓటు మీకే సార్. సెన్సారు గురించి నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఉత్తరం కిటికీ — మంగళవారం ఉదయం 8:20

ఇన్ని పేర్లలో ఒక్క ఆడ దర్శకురాలు లేదు. వెతికాను. మతిల్దే లాందేతా. సెట్లో కంటిన్యుటీ రాసే ఉద్యోగంతో మొదలై, దర్శకురాలు కావడానికి యూనియన్‌తో కొట్లాడింది. 1949లో ‘లా నెగ్రా అంగుస్తియాస్’ తీసింది. విప్లవంలో సేనని నడిపిన నల్లజాతి స్త్రీ కథ. మూడు సినిమాలు తీశాక నాలుగోదానికి నలభై ఏళ్ళు పట్టింది. ఇప్పటివాళ్ళలో తాత్యానా ఉయెసో, లీలా అవిలెస్, ఫెర్నాందా వలాదెస్ పేర్లు రాసుకోండి. వలాదెస్ ‘సిన్ సెన్యాస్ పర్తికులారెస్’ (2020) కొడుకు సరిహద్దు దాటబోయి కనపడకుండా పోతే తల్లి వెతుక్కుంటూ వెళ్ళే కథ. రాత్రిపూట ఒంటరిగా చూడకండి.

చిన్నహాలు — ఆదివారం రాత్రి 9:10

వారం తర్వాత వస్తున్నా. మీ అందరి మాటా కలిపి ఒక వరస వేసుకున్నాను: వియా సినిమా, ‘రాంచో గ్రాందే’ వెంటవెంటనే, ఆ తర్వాత ఇన్‌ఫాంతే పేదవాళ్ళు, వాళ్ళ పక్కనే బున్యుయెల్ పేదవాళ్ళు, తర్వాత ‘కనోవా’. మధ్యలో ఒక సాంతో, మావయ్య కోసం.

ఇవేవీ కాకుండా నిన్న అనుకోకుండా ‘మకారియో’ (1960) చూశాను. విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొదటి మెక్సికో సినిమా అట, కెమెరా ఫిగెరోవాయే. కట్టెలు కొట్టుకునే పేదవాడు. ఇంటినిండా పిల్లలు, ఎప్పుడూ అర్ధాకలే. వాడికి ఒకటే కోరిక: ఒక టర్కీ కోడిని ఎవరికీ పెట్టకుండా మొత్తం తనొక్కడే తినాలి. భార్య దొంగతనం చేసి వండి చేతికిస్తుంది. అడవిలోకి తీసుకెళ్ళి తినబోతుంటే దయ్యం వచ్చి కొంచెం పెట్టమంటుంది, దేవుడొచ్చి పెట్టమంటాడు, ఇద్దరికీ పెట్టడు. మృత్యువు వస్తే మాత్రం సగం పంచుతాడు.

అమ్మ పక్కనే కూర్చుని, సబ్‌టైటిల్స్ నేను చదివి చెప్తుంటే మొత్తం చూసింది. చివర్లో కొవ్వొత్తుల గుహ సీనుకి నాకు ఒళ్ళు జలదరించింది. అమ్మ ఏమందో తెలుసా? “ఆ పిల్ల అంత కష్టపడి వండిందే, తనకో ముక్క తీసుకోమని ఒక్కడన్నా అన్నాడా” అంది.